తొలి రుతువు వయసు, నడివయసు జబ్బులు: అండమాన్ తీరం నుంచి ఒక సమీక్ష

పదేళ్ళకే సమర్తాడిన అమ్మాయికీ, పద్నాలుగేళ్ళకు సమర్తాడిన అమ్మాయికీ నలభై అయిదేళ్ళ వయసులో రక్తపరీక్ష చేస్తే తేడా కనిపిస్తుందా? లక్షలాది స్త్రీల మీద జరిగిన పరిశోధనలు కనిపిస్తుందనే చెబుతున్నాయి. త్వరగా రజస్వల అయినవారిలో సగటున బరువు, బీపీ, మధుమేహం, గుండెజబ్బు ఎక్కువ. దీని మీద ఇప్పుడు పెద్దగా తగవు లేదు. తగవంతా తర్వాతి ప్రశ్న దగ్గరే ఉంది. ఆ వయసే జబ్బుకు కారణమా? లేక అంతకు ముందే ఒంట్లో మొదలైన మార్పు ఆ రోజున బయటపడిందా? వయసే కారణమైతే మన చేతిలో ఉన్నది తక్కువ. ముందు మొదలైన మార్పే అసలు సంగతైతే మనం చేయగలిగింది చాలా ఉంది. సాక్ష్యాలను పక్కపక్కన పెట్టి చూస్తే నా మొగ్గు రెండో వైపుకే. అందుకే తొలి రుతువు తేదీని ఇంట్లో పెద్దలతో పాటు వైద్యులు కూడా అడిగి రాసుకోవాలని ఈ వ్యాసంలో వాదిస్తున్నాను.

ఈ ప్రశ్నను అండమాన్ నికోబార్ దీవుల నుంచి చూడటానికి కారణముంది. అక్కడ 8,249 చదరపు కిలోమీటర్ల నేల, 2011 లెక్కల ప్రకారం 3.8 లక్షల జనం. ఆ కొద్దిమందిలోనే వేట మీద, అడవి దుంపల మీద, తేనె మీద బతికే జరావాలున్నారు. కొబ్బరి, పాండనస్ పండు, పంది మాంసం, చేపలతో పెరిగిన నికోబారీలున్నారు. ఓడలో వచ్చే బియ్యం, పప్పు, నూనె, పంచదారలతో వండుకునే బెంగాలీ, తమిళ, తెలుగు కుటుంబాలున్నాయి. తెలుగు మాతృభాషగా ఉన్నవారు నూటికి పదమూడుగురు. వారిలో చాలామంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకూ కూలికీ ఉద్యోగాలకూ వెళ్ళి అక్కడే ఉండిపోయిన కుటుంబాలవారు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ ఇప్పటికీ తెలుగు మత్స్యకారుల పేట. ఇన్ని రకాల తిండి తీరులు ఒకే పాలన కింద ఇంత దగ్గరగా ఉన్న చోటు మన దేశంలో అరుదు. తొలి రుతువు వయసును నిర్ణయించేవాటిలో తిండిది పెద్ద పాత్ర కనుక ఆ దీవులు మన కథలోకి వస్తాయి.

ముందు ఆ వయసు ఎలా మారుతూ వచ్చిందో చూద్దాం. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఉత్తర యూరప్ అమ్మాయిలు పదహారు, పదిహేడేళ్ళకు రజస్వల అయ్యేవారని పాత ఆసుపత్రి రికార్డులు చెబుతాయి. ఇరవయ్యో శతాబ్దం రెండో సగానికి అది పదమూడు దగ్గరకు వచ్చింది. బ్రిటిష్ శిశువైద్యుడు జేమ్స్ టానర్ ఈ తగ్గుదలను దశాబ్దాల వెంట లెక్కగట్టి చూపించాడు. పాత అంకెలు ఎక్కువగా పేద స్త్రీలు చేరే ప్రసూతి ఆసుపత్రులవి కాబట్టి కాస్త పైకి ఉండి ఉంటాయన్న విమర్శ ఉంది. విమర్శను ఒప్పుకున్నా తగ్గుదల నిజమే. కడుపునిండా తిండి, చిన్నప్పటి అంటురోగాలు తగ్గడం దీనికి ప్రధాన కారణాలు.

మన దేశంలో తగ్గుదల మెల్లగా సాగింది. 2005 నాటి భారత మానవాభివృద్ధి సర్వే ఆధారంగా పాఠక్, త్రిపాఠి, సుబ్రమణియన్ 2014లో వేసిన లెక్క ప్రకారం సగటు వయసు 13.76 ఏళ్ళు. 1980ల చివర్లో పుట్టినవారిలో అది 13.62. వారికన్నా ముప్పై ఏళ్ళ ముందు పుట్టినవారిలో 13.83. అంటే దశాబ్దానికి ఒక నెల లెక్కన జారుతోంది. సగటు ఇలా నెమ్మదిగా కదులుతున్నా, నగరంలో తిండికి లోటులేని ఇంటి అమ్మాయికీ కరువు పల్లె అమ్మాయికీ మధ్య ఏళ్ళ తేడా ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు సత్యనారాయణ, నాయుడు 1979లోనే చుట్టుపక్కల పల్లెల అమ్మాయిలను గమనించి తిండి ప్రభావం గురించి రాశారు. అయిదేళ్ళ వయసులో బాగా కృశించిన పిల్లలు ఆలస్యంగా రజస్వల అయ్యారు. పదమూడు, పద్నాలుగేళ్ళకు జరిగే సంగతికి పునాది అయిదేళ్ళ లోపే పడుతుందని చూపిన ఈ తెలుగు నేల అధ్యయనాన్ని మనం తగినంతగా గుర్తుపెట్టుకోలేదు.

దీనికి అవతలి వైపు సాక్ష్యం స్వీడన్ నుంచి వచ్చింది. భారతదేశం నుంచి అక్కడికి దత్తత వెళ్ళిన 107 మంది అమ్మాయిలను ప్రూస్, ఆమె సహచరులు గమనించి 1991లో ప్రచురించారు. ఆ పిల్లల్లో చాలామంది చిన్నగా, బక్కగా స్వీడన్ చేరారు. అక్కడ మంచి తిండి దొరికి గబగబా పెరిగారు. తొలి రుతువు వారికి సగటున 11.6 ఏళ్ళకే వచ్చింది. స్వీడన్ అమ్మాయిలకు పదమూడేళ్ళ దగ్గర, మన దేశంలో కలిగిన ఇళ్ళ అమ్మాయిలకు పన్నెండున్నర దగ్గర వచ్చేది. ఒక పాపకు ఏడేళ్ళు దాటిన కొద్ది నెలలకే వచ్చింది. తొందరగా ఎదుగుదల ఆగిపోవడంతో చాలామంది పొట్టిగానే మిగిలారు. లేమి మాత్రమే ఉంటే రుతువు ఆలస్యమవుతుంది. లేమి మీద ఒక్కసారిగా కలిమి వచ్చి పడితే కలిగిన ఇళ్ళ పిల్లల కంటే కూడా ముందుకు జరుగుతుంది. రెండు తరాల్లో గంజి నుంచి బిస్కెట్ ప్యాకెట్ దాకా వచ్చిన సమాజాలకు ఇది నేరుగా తగిలే పాఠం.

శరీరం ఇదంతా ఎలా లెక్క చూసుకుంటుంది? అమెరికన్ శాస్త్రవేత్త రోజ్ ఫ్రిష్ 1970లో, ఒక నిర్దిష్టమైన బరువుకు చేరితేనే రుతుస్రావం మొదలవుతుందని ప్రతిపాదించింది. తర్వాత ఆమే ఆ మాటను ఒంట్లోని కొవ్వు శాతంగా మార్చింది. ఆ కచ్చితమైన గీత నిలబడలేదు గానీ మూల ఆలోచన నిలిచింది. 1994లో లెప్టిన్ అనే హార్మోన్ బయటపడింది. కొవ్వు కణాల నుంచి పుట్టి, నిల్వలు ఎంతున్నాయో మెదడుకు చెప్పేది అదే. పుట్టుకతో లెప్టిన్ లేని పిల్లలు స్థూలకాయులై కూడా యవ్వనానికి రారు. ఆ హార్మోన్ ఇస్తే వస్తారు. 2003లో కిస్‌పెప్టిన్ వ్యవస్థ పాత్ర తెలిసింది. మెదడులోని హైపోథలమస్ విడతలు విడతలుగా హార్మోన్ విడుదల చేసేలా ప్రేరేపించేది అదే. 2021లో కేంబ్రిడ్జ్ బృందం, మెదడులోని ఎంసీ3ఆర్ అనే గ్రాహకం సరిగా పనిచేయనివారికి యవ్వనం ఆలస్యమవుతుందని, వారు పొట్టిగా ఉంటారని చూపింది. ఒంట్లో ఎంత నిల్వ ఉందన్న కబురు ఎదుగుదలకూ యవ్వనానికీ చేరే దారుల్లో అదొకటి.

యవ్వనారంభంలో ఇన్సులిన్ పనితనం అందరిలోనూ కొంత తగ్గుతుంది. అది సహజం, ఎదుగుదల ముగిశాక చాలామందిలో సర్దుకుంటుంది. అప్పటికే బొద్దుగా ఉన్న పిల్లలో ఆ సర్దుబాటు పూర్తిగా జరగదు. పైగా రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైనప్పుడు లైంగిక హార్మోన్లను పట్టి ఉంచే ప్రొటీన్‌ను కాలేయం తక్కువగా తయారుచేస్తుంది. ఆ ప్రొటీన్ తక్కువున్న స్త్రీలకు తర్వాత మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువని వేరే అధ్యయనాలు చెబుతున్నాయి.

ఇక పెద్ద లెక్కలు. యూరప్‌లోని ఎనిమిది దేశాల్లో జరిగిన ఎపిక్-ఇంటరాక్ట్ అధ్యయనం ఫలితం 2013లో వచ్చింది. పదమూడేళ్ళకు రజస్వల అయినవారితో పోలిస్తే ఎనిమిది నుంచి పదకొండేళ్ళ మధ్య అయినవారిలో టైప్ 2 మధుమేహం 70 శాతం ఎక్కువ. పెద్దయ్యాక ఉన్న బరువును లెక్కలోకి తీసుకుంటే ఆ అంకె 42 శాతానికి దిగింది. 2020లో చెంగ్, ఓంగ్ బృందం పన్నెండు లక్షల మందికి పైగా స్త్రీల సమాచారమున్న 28 అధ్యయనాలను కలిపి చూసింది. రుతువు ఒక్కో ఏడాది ఆలస్యమైన కొద్దీ మధుమేహం అవకాశం 9 శాతం చొప్పున తగ్గింది. శరీర బరువును మినహాయిస్తే 4 శాతమే మిగిలింది. బంధం ఉంది, అందులో సగానికి పైగా బరువు మీదుగా నడుస్తోంది.

ఆలస్యంగా రావడం అన్నివిధాలా మేలని దీన్నుంచి అనుకోకూడదు. బ్రిటన్‌లోని మిలియన్ విమెన్ స్టడీ సుమారు పన్నెండు లక్షల మందిని పదేళ్ళకు పైగా వెంబడించి 2015లో ప్రచురించిన ఫలితంలో గుండెజబ్బు గీత ఇంగ్లీషు అక్షరం యు ఆకారంలో వచ్చింది. పదమూడేళ్ళ దగ్గర అవకాశం అన్నిటికన్నా తక్కువ. పదేళ్ళకు గానీ అంతకు ముందు గానీ అయినవారిలో 27 శాతం ఎక్కువ, పదిహేడేళ్ళకు గానీ ఆ తర్వాత గానీ అయినవారిలో 23 శాతం ఎక్కువ. మరీ ఆలస్యం వెనక చిన్నప్పటి రోగాలు, పోషణలేమి, హార్మోన్ల లోపం ఉండవచ్చు. బక్కచిక్కిన పిల్లలు ఇంకా ఎక్కువగా ఉన్న మన దేశంలో ఈ రెండో కొమ్మును మరిచిపోకూడదు. ఈ శాతాలన్నీ పోలికలేనన్నది కూడా గుర్తుంచుకోవాలి. వందమందిలో పదిమందికి వచ్చే జబ్బు 27 శాతం పెరిగితే పన్నెండు, పదమూడు మందికి వస్తుంది. పదకొండేళ్ళకు రజస్వల అయిన స్త్రీలలో ఎక్కువమంది ఆరోగ్యంగానే ఉంటారు.

అసలు కీలకం అమెరికాలోని లూసియానాలో ఉన్న బొగలూసా అనే చిన్న పట్టణంలో దొరికింది. అక్కడ పిల్లలను బడి వయసు నుంచే పదే పదే తూచి, కొలిచి, పెద్దయ్యాక మళ్ళీ కొలిచారు. అంటే రుతువుకు ముందటి బరువు తెలుసు, రుతువు వయసు తెలుసు, పెద్దయ్యాక బరువూ తెలుసు. 2003లో ఫ్రీడ్‌మన్ బృందం ఈ మూడింటినీ కలిపి చూస్తే, త్వరగా రజస్వల కావడానికీ పెద్దయ్యాక స్థూలకాయానికీ మధ్య కనిపించే బంధంలో 60 నుంచి 75 శాతం చిన్నప్పటి బరువు వల్లనే అని తేలింది. బొద్దుగా ఉన్న పిల్ల ముందుగా రజస్వల అవుతుంది. ఆ బొద్దుతనమే ఆమెతో పాటు పెరిగి పెద్దదవుతుంది. ఈ మొత్తం విషయంలో ఒకే అధ్యయనం చదవాల్సి వస్తే నేను దీన్నే చదవమంటాను.

ఇక్కడ గణాంకాల చిక్కు ఒకటుంది. దాన్ని దాటేస్తే అర్థం తారుమారవుతుంది. చాలా అధ్యయనాలు పెద్దయ్యాక ఉన్న బరువును మినహాయించి, మిగిలినదే రుతువు వయసు సొంత ప్రభావం అంటాయి. కానీ పెద్దయ్యాక బరువు ఆ దారిలోనే ఉన్న మజిలీ. త్వరగా యవ్వనం రావడం బరువును పెంచి, ఆ బరువు చక్కెరను పెంచితే, బరువును మినహాయించడం వల్ల నిజమైన ప్రభావాన్ని కూడా తుడిచేసినట్టవుతుంది. మినహాయించాల్సింది అంతకు ముందటి బరువును, అంటే ఏడెనిమిదేళ్ళ నాటి బరువును. ఆ కొలతలు చాలా అధ్యయనాల దగ్గర లేవు, ఎందుకంటే అవి నలభై దాటిన స్త్రీలను కూర్చోబెట్టి పాత సంగతులు అడిగినవి. కాబట్టి 42 శాతం అన్న అంకెను రుతువు వయసు శుద్ధ ప్రభావంగా చదవకూడదు. చిన్ననాటి బరువు తాలూకు నీడ అందులో ఇంకా ఉంది.

జన్యు పరిశోధనలు కూడా ఇదే వైపు చూపిస్తున్నాయి. 2009లో లిన్28బి అనే జన్యువుతో మొదలైన వెతుకులాట 2017కి 389 జన్యుస్థానాలకు, 2024లో దాదాపు ఎనిమిది లక్షల మంది స్త్రీల సమాచారంతో వెయ్యికి పైగా సంకేతాలకు చేరింది. రుతువును ముందుకు జరిపే జన్యువుల్లో చాలా భాగం బరువును పెంచేవి కూడా. తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యువులు యాదృచ్ఛికంగా పంపకమవుతాయి కాబట్టి వాటిని సహజ ప్రయోగంగా వాడుకుని కారణాన్ని పట్టుకునే పద్ధతి ఉంది. ఆ పద్ధతిలో త్వరిత యవ్వనానికీ పెద్దయ్యాక బరువుకూ బంధం కనిపిస్తుంది గానీ, బాల్యపు బరువును పక్కన పెట్టగానే అది బాగా కుదించుకుపోతుంది. పూర్తిగా మాయం కాదు. రుతువు వయసుకు స్వతంత్ర పాత్ర కొంత ఉందని, అది చిన్నదని నా అంచనా.

యూరప్ అంకెలను మన అమ్మాయిల మీద అలాగే పరచకూడదు. మన ఒంటి తీరు వేరు. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ 2004లో లాన్సెట్ పత్రికలో తన ఫొటో, బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ యూడ్‌కిన్ ఫొటో పక్కపక్కన అచ్చువేశారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఆయనకు 21.2 శాతం, యూడ్‌కిన్‌కు 9.1 శాతం. పుట్టినప్పుడు రెండున్నర కిలోలున్న మన బిడ్డలో కూడా కండ తక్కువ, కొవ్వు ఎక్కువ అని ఆయన పుణె పల్లెల్లో చూపించారు. ఢిల్లీలో 1969-72 మధ్య పుట్టిన పిల్లలను ముప్పై ఏళ్ళ దాకా వెంబడించిన అధ్యయనం 2004లో వచ్చింది. తొలి రెండేళ్ళు బక్కగా ఉండి, ఆ తర్వాత పన్నెండేళ్ళ దాకా తోటివారికన్నా వేగంగా బరువు పెరిగినవారికే పెద్దయ్యాక చక్కెర ఎక్కువగా వచ్చింది. వారిలో చాలామంది పన్నెండేళ్ళకు చూడటానికి లావుగా కూడా లేరు. లావుగా కనిపించని పిల్లలో కూడా బరువు పెరిగే ఆ పరుగు సాగుతుండవచ్చు. తొలి రుతువు ముందుగా రావడం దాన్ని బయటపెట్టే మొదటి గుర్తవుతుంది. తూకం చెప్పని సంగతిని ఆ తేదీ చెప్పవచ్చు. మన దేశంలో దాని విలువ యూరప్‌లో కన్నా ఎక్కువని నేను భావించడానికి కారణం ఇదే.

అలాగని పిల్లలకు మంచి తిండి పెడితే ప్రమాదమని ఎవరూ వెనక్కి తగ్గకూడదు. హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో 1987-90 మధ్య జరిగిన పోషకాహార ప్రయోగమే దీనికి సమాధానం. 15 పల్లెల్లో గర్భిణులకూ పసిపిల్లలకూ అంగన్‌వాడీ పౌష్టికాహారం అందింది, 14 పల్లెల్లో అప్పటికి అందలేదు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళవారయ్యాక సంజయ్ కిన్రా బృందం పోషకాహార సంస్థతో కలిసి మళ్ళీ పరీక్షించి 2008లో ప్రచురించింది. తిండి అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. ఇన్సులిన్ నిరోధకత సుమారు 20 శాతం తక్కువ, రక్తనాళాల బిరుసు కూడా తక్కువ. తల్లి కడుపులో ఉన్నప్పుడూ తొలి ఏళ్ళలోనూ అందిన తిండి కాపాడుతుంది. చిక్కంతా ఆ కాలం గడిచాక అయిదారేళ్ళ నుంచి వచ్చిపడే తీపి, నూనె, కదలని ఆటలతోనే.

మళ్ళీ దీవులకు వద్దాం. పరిశోధకులు జే స్టాక్, ఆండ్రియా మిగ్లియానో 2009లో గ్రేట్ అండమానీలు, ఓంగీలు అనే ఆదిమ తెగల ఎత్తు కొలతలను 1871 నుంచి 1986 దాకా సేకరించి చూశారు. బ్రిటిష్ వలసతో వచ్చిన రోగాలకు జనం రాలిపోయిన కాలంలో ఎత్తు కూడా తగ్గింది. ప్రాణాపాయం ఎక్కువైన చోట శరీరం ఎదుగుదలను తొందరగా ముగించి సంతానం వైపు మళ్ళుతుందన్న సిద్ధాంతానికి ఇది సరిపోతుందని వారి వాదన. ఎత్తు మీది సాక్ష్యం నుంచి రుతువు వయసు దాకా వెళ్ళడానికి ఒక గెంతు వేయాలి, దాన్ని నేను నిశ్చయంగా చెప్పను. అడవి బతుకులో రుతువు తప్పక ఆలస్యంగానే వస్తుందనే సులువైన ఊహను మాత్రం ఇది ప్రశ్నిస్తుంది. ఈ లెక్కలు పూర్తిచేయడానికని జరావాల దగ్గరకూ సెంటినలీల దగ్గరకూ ఎవరూ సూదులతో, ప్రశ్నపత్రాలతో వెళ్ళకూడదు. వారి ఒంటరితనాన్ని 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధన కాపాడుతోంది. అది అలాగే ఉండాలి.

నికోబారీల సంగతి వేరు. 2004 డిసెంబర్ 26 సునామీ కార్ నికోబార్‌లో, మధ్య నికోబార్ దీవుల్లో ఊళ్ళనూ కొబ్బరి తోటలనూ ఊడ్చేసింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి సహాయ సామగ్రిగా బియ్యం, పప్పు, పంచదార, ప్యాకెట్ తిండి వచ్చాయి. తోట పని, పడవ పని తగ్గి నగదు పెరిగింది. పోర్ట్ బ్లెయిర్‌లో 1983 నుంచి పనిచేస్తున్న ఐసీఎంఆర్ ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం కార్ నికోబార్‌లో జరిపిన పరిశీలనలో పెద్దవారిలో సుమారు సగం మందికి అధిక రక్తపోటు ఉన్నట్టు 2011లో ప్రచురితమైంది. సునామీ నాడు అయిదేళ్ళ లోపున్న నికోబారీ ఆడపిల్లలు ఇప్పుడు ఇరవైల్లో ఉన్నారు, తల్లులవుతున్నారు. స్వీడన్ దత్తపుత్రికల కథలో ఒక్కో పిల్లకు జరిగిన తిండి మార్పు ఇక్కడ ఒక తరం మొత్తానికి జరిగింది. వారి తొలి రుతువు వయసునూ నేటి బీపీ, చక్కెరలనూ కలిపి చూసే పరిశీలనకు ఇది సరైన సమయం. నికోబారీలకు వైద్యులు, నర్సులు వారిలోనే ఉన్నారు, కాబట్టి ఆ పని వారి చేతుల్లో జరగాలి.

వలస వచ్చి స్థిరపడినవారి విషయంలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకె సూటిగా మాట్లాడుతుంది. అయిదో సర్వే ప్రకారం అండమాన్ నికోబార్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 38 శాతం మంది అధిక బరువో స్థూలకాయమో ఉన్నవారు. దేశం మొత్తానికి అది 24 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 36, తెలంగాణలో 30. అంటే శ్రీకాకుళం తీరం వదిలి వెళ్ళిన కుటుంబం చేరిన చోట బరువు సమస్య ఇంటి దగ్గరకన్నా తక్కువేమీ లేదు. తాజా కూరగాయల్లో చాలా భాగం ప్రధాన భూభాగం నుంచే రావాలి. సముద్రం బాగోక ఓడ ఆలస్యమైతే ధర పెరుగుతుంది. బిస్కెట్లు, నూడుల్స్, శీతల పానీయాలు మాత్రం చెడిపోవు కాబట్టి ఏ దీవిలోనైనా దుకాణంలో దొరుకుతాయి. చేప చేతికందే చోట కూడా పిల్లల సాయంత్రపు తిండి ప్యాకెట్‌గా మారుతోందంటే కారణం రుచి ఒక్కటే అనలేం.

జబ్బుకు దారితీసే ఇంకో దారి శరీరంలో లేదు, ఇంట్లో ఉంది. గణాంక పత్రాలు దాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. మన ఇళ్ళలో పిల్ల పెద్దమనిషి అయ్యాక ఏం జరుగుతుందో తెలియనిది కాదు. మూలన చాప వేసి కూర్చోబెడతారు, చిమ్మిలి తినిపిస్తారు, మేనమామ చీర తెస్తాడు, ఊరందరినీ పిలిచి హారతి ఇస్తారు. నువ్వులూ బెల్లంతో, నలుగురి ఆప్యాయతతో తప్పేమీ లేదు. తప్పు ఆ తర్వాత జరుగుతుంది. సైకిల్ ఆగుతుంది. కబడ్డీ ఆగుతుంది. ఒంటరిగా బజారుకు పంపడం ఆగుతుంది. ఇన్సులిన్ పనితనం సహజంగా తగ్గే ఆ రెండు మూడేళ్ళలోనే, ఒంటికి కదలిక అన్నిటికన్నా ఎక్కువ అవసరమైన సమయంలోనే పిల్ల కూర్చుండిపోతుంది. పదేళ్ళకు రజస్వల అయిన పిల్లకు ఈ కూర్చోవడం పద్నాలుగేళ్ళ పిల్లకన్నా నాలుగేళ్ళు ముందుగా మొదలవుతుంది. ఈ తేడాను హార్మోన్ ఖాతాలో వేయడం అన్యాయం.

పెళ్ళి కూడా ఈ దారిలోదే. ఆర్థికవేత్తలు ఎరికా ఫీల్డ్, అటిలా ఆంబ్రస్ బంగ్లాదేశ్ పల్లెల మీద 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ముందుగా రజస్వల అయిన అమ్మాయిలకు ముందుగా పెళ్ళి, ముందుగా చదువుకు స్వస్తి అని తేలింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ స్త్రీలలో 29 శాతం మందికి పద్దెనిమిదేళ్ళు నిండకముందే పెళ్ళయిందని అయిదో కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. చదువు ఆగిన స్త్రీకి తర్వాత తిండి ఎంచుకునే వీలు, వైద్యం అడిగే ధైర్యం తగ్గుతాయి. అది కూడా రక్తంలో చక్కెరగా, బీపీగా తేలుతుంది.

ఈ రంగం మొత్తాన్ని కుంగదీసే బలహీనత జ్ఞాపకం. యాభై ఏళ్ళ స్త్రీని తొలి రుతువు ఎప్పుడని అడిగితే పన్నెండో పదమూడో అంటుంది. 1946లో పుట్టిన బ్రిటన్ స్త్రీల విషయంలో చిన్నప్పుడు రాసిపెట్టిన వయసునూ నలభై ఎనిమిదో ఏట వారు చెప్పిన వయసునూ పోలిస్తే రెండూ ఒక మోస్తరుగానే కలిశాయి. తెలుగు ఇళ్ళకు ఇక్కడ ఒక ఆస్తి ఉంది. పిల్ల సమర్తాడిన రోజు, వేళ, తిథి, నక్షత్రం చూసి రాసిపెట్టడం మన ఆచారం. రజస్వల ఫలాలు పంచాంగాల్లోనే అచ్చవుతాయి. దోషాల కోసం, శాంతుల కోసం రాసుకున్న ఆ తేదీ పరిశోధకుడికి ఏ జ్ఞాపకం ఇవ్వలేనంత కచ్చితమైన సమాచారం. గ్రేట్ అండమానీలలో ఆ రోజున పిల్లకు అప్పుడు పూస్తున్న చెట్టు పువ్వు పేరు పెట్టేవారని పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ అధికారి మాన్, 1922 నాటి పుస్తకంలో మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ రాశారు. తొలిబిడ్డ పుట్టేదాకా ఆమెను ఆ పేరుతోనే పిలిచేవారు. ఏ పూల కాలంలో పెద్దదయిందో ఆమె పేరే చెప్పేది.

కచ్చితమైన తేదీ ఉన్నా దాన్ని ఎవరూ అడగరు. ముప్పై ఏళ్ళు నిండినవారికి ఆశా కార్యకర్త నింపే సీబ్యాక్ ఫారంలో వయసు, పొగాకు, మద్యం, నడుము చుట్టుకొలత, వ్యాయామం, కుటుంబంలో జబ్బులు అడిగి మార్కులు వేస్తారు. తొలి రుతువు వయసు అందులో లేదు. పదేళ్ళకు రజస్వల అయిన పిల్లకు ఆ ఫారం చేరేసరికి ఇరవై ఏళ్ళు గడిచిపోతాయి. ఈలోగా పీసీఓఎస్ అనే అండాశయ సమస్య రావచ్చు, గర్భంతో ఉన్నప్పుడు మధుమేహం రావచ్చు. అమెరికా మధుమేహ సంఘం, అధిక బరువుతో పాటు మరో ముప్పు ఉన్న పిల్లలకు యవ్వనం మొదలవగానే గానీ పదేళ్ళకు గానీ, ఏది ముందైతే అప్పుడు చక్కెర పరీక్ష మొదలుపెట్టమంటోంది. మన పాఠశాల ఆరోగ్య కార్యక్రమానికి ఇది కొత్త బరువేమీ కాదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి, కౌమార కార్యక్రమం 2014 నుంచి నడుస్తూనే ఉన్నాయి. వాటిలోనే పన్నెండేళ్ళ లోపు రజస్వల అయిన అమ్మాయికి ఏటా ఎత్తు, బరువు, నడుము కొలత, బీపీ చూస్తే చాలు. మధుమేహం ఉన్న కుటుంబమైతే ఒక చక్కెర పరీక్ష. ఎనిమిదేళ్ళ లోపే రొమ్ములు పెరగడం మొదలైతే పిల్లల హార్మోన్ నిపుణుడి దగ్గరకు పంపాలి. పదిహేనేళ్ళు దాటినా రుతువు రాకపోతే అదీ పరీక్షించాల్సిన సంగతే.

ఇందులో ఒక భయం నాకుంది. త్వరగా రజస్వల అయిందన్న మాట ఆ పిల్ల మీద ముద్రగా పడకూడదు. తొందరగా పెళ్ళి చేయడానికి అది మరో సాకు కాకూడదు. తల్లి తిండి తగ్గించి పిల్లను మాడ్చడానికి అసలే కాకూడదు. రజస్వల అయిన పిల్లకు ఇనుము, మాంసకృత్తులు ఇంకా ఎక్కువ కావాలి. తగ్గించాల్సింది ప్యాకెట్ తిండినీ తీపి పానీయాలనూ మాత్రమే. కాబట్టి ఈ ప్రశ్నను నర్సు ఆ పిల్లతో, తల్లితో మాత్రమే విడిగా మాట్లాడి రాసుకోవాలి. తరగతిలో, వరసలో నిలబెట్టి అడగకూడదు.

అండమాన్ నికోబార్ ఆరోగ్యశాఖకూ, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలకూ నా విన్నపం ఇది: బడిపిల్లల ఆరోగ్య కార్డులో, సీబ్యాక్ ఫారంలో తొలి రుతువు వయసుకు ఒక గడి చేర్చండి. ఖర్చు లేదు, యంత్రం అక్కర్లేదు. ఆడపిల్లల తల్లులకు ఒక మాట: వేడుక చేసుకోండి, మీ ఇష్టం. ఆ మరుసటి వారం నుంచే పిల్లను మళ్ళీ ఆటకు పంపండి.